సిరొంచ దాటి ఆనందవన్ దాకా

సోమవారం: కాళేశ్వరం వంతెన అవతల

గడ్చిరోలి వెళ్తున్నామని చెబితే ఇంట్లోవాళ్లూ ఆఫీసువాళ్లూ అందరూ ఒకటే అడిగారు, అక్కడ నక్సలైట్లు ఉంటారు కదా అని. ఆ జిల్లా పేరు ఎన్‌కౌంటర్ వార్తల్లో తప్ప మనకి కనబడదు మరి. నాకు మాత్రం ఆ పేరు ఇంకో రకంగా తెలుసు. మన ఊళ్లో బాలింత ఇంటికి ఆశా వర్కర్ వచ్చి, పసిబిడ్డని తూకం వేసి, థర్మామీటర్ పెట్టి, కార్డులో రాసుకుని వెళ్తుందే, ఆ పద్ధతి పుట్టింది గడ్చిరోలిలోనే. పుట్టించింది ప్రభుత్వం కాదు, ఒక స్వచ్ఛంద సంస్థ. దాన్ని చూడాలని చాలాకాలంగా అనుకుంటున్నా, ఈ డిసెంబర్‌లో కుదిరింది.

తోడు మా బావ. కరీంనగర్ వైపు పీహెచ్‌సీల్లో హెల్త్ సూపర్‌వైజర్‌గా చేసి రిటైర్ అయ్యాడు. ఎన్జీవోలంటే ఆయనకి పడదు. "ఫొటోలు దిగుతరు, ఫండ్స్ అయిపోతే పోతరు, ఆఖరికి రిజిస్టర్ రాసేది మా ఏఎన్‌ఎంలే" అని కారెక్కినప్పటి నుంచీ మొదలు. అందుకే ఆయన్ని తీసుకెళ్లడం నాకు నచ్చింది, పొగిడేవాళ్లతో వెళ్తే ఏమీ కనిపించదు.

కరీంనగర్, పెద్దపల్లి, మంథని, కాటారం, మహదేవపూర్ మీదుగా మధ్యాహ్నానికి కాళేశ్వరం చేరాం. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న ముక్తేశ్వరుడి దర్శనం చేసుకుని వంతెన ఎక్కితే అవతల మహారాష్ట్ర, సిరొంచ. రాష్ట్రం మారింది గానీ మాట మారలేదు, చాయ్ హోటల్లో అందరూ తెలుగే. ఇది 1860లో నిజాం బ్రిటిష్ వాళ్లకి అప్పగించిన ప్రాంతం, ఆ తర్వాత చందా జిల్లాలో (ఆ జిల్లా పేరే తర్వాత చంద్రపూర్ అయింది) కలిసి, 1982లో కొత్తగా ఏర్పడిన గడ్చిరోలి జిల్లాలోకి వచ్చింది. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు.

చాయ్ తాగుతుంటే పక్కన కూర్చున్న ఒక పెద్దాయన "యే ఊరు బిడ్డా?" అని పలకరించాడు. పెద్ద జబ్బు చేస్తే ఎక్కడికి పోతారు అని బావ అడిగాడు, ఉద్యోగం బుద్ధి ఎక్కడికి పోతుంది. "గడ్చిరోలి పోతె దార్లనే పానం పోతది. మంచిర్యాల పోతం, కరీంనగర్ పోతం, వరంగల్ పోతం" అన్నాడాయన. జిల్లా ఆస్పత్రి ఇక్కడికి 200 కిలోమీటర్ల దూరం. నది దాటితే మన రాష్ట్రం, కానీ అక్కడ ఆరోగ్యశ్రీ వీళ్లకి వర్తించదు, ఎందుకంటే కార్డు మహారాష్ట్రది. ఆరోగ్యంలో అసమానత అంటే పేదా గొప్పా తేడా అనే అనుకుంటాం, దూరం కూడా ఒక కులంలాంటిదే అని సిరొంచలో కూర్చుంటే అర్థమవుతుంది.

రాత్రి అక్కడే లాడ్జిలో ఉన్నాం. దోమల గురించి చెప్పను.

మంగళవారం: ఆలాపల్లి, హేమల్కస

పొద్దున్నే బయలుదేరాం. సిరొంచ నుంచి ఆలాపల్లి దాదాపు 100 కిలోమీటర్లు. గూగుల్ ఒక టైమ్ చెబుతుంది, రోడ్డు ఇంకొకటి చెబుతుంది. గుంతల్లో కారు దిగి ఎక్కి దిగి ఎక్కి ఆలాపల్లి చేరేసరికి నడుములు పట్టేశాయి. పోహా తిన్నాం, మీద శనగల రసం పోసి ఇస్తారు, తర్రీ పోహా అంటారు, కారం మనవాళ్లకి సరిపోతుంది. అక్కణ్నుంచి తూర్పుగా భామ్రాగఢ్ దారి పట్టాక అడవి మొదలు. టేకు చెట్లు ఎంత ఎత్తున్నాయంటే బావ మాట్లాడటం ఆపేశాడు.

హేమల్కస భామ్రాగఢ్‌కి కొంచెం ఇవతల. కుష్టు రోగుల సేవకి పేరుపడ్డ బాబా ఆమ్టే 1973 డిసెంబర్‌లో ఇక్కడ లోక్ బిరాదరీ ప్రకల్ప్ మొదలుపెట్టారు. ఆయన కొడుకు ప్రకాశ్ నాగపూర్‌లో సర్జరీ పీజీ చదువు వదిలేసి, మత్తు డాక్టరైన భార్య మందాకినితో ఇక్కడికి వచ్చేశారు. అప్పుడు కరెంటు లేదు, రోడ్డు లేదు, వానాకాలం వస్తే నెలల తరబడి ప్రపంచంతో సంబంధం లేదు. చుట్టూ మాడియా గోండు గిరిజనుల ఊళ్లు. వాళ్లు బట్టలేసుకున్న కొత్త మనిషిని చూస్తేనే అడవిలోకి పారిపోయేవాళ్లు. ఎందుకు పారిపోరు? అప్పటిదాకా బట్టలేసుకుని వచ్చినవాళ్లంతా ఏదో ఒకటి పట్టుకుపోయినవాళ్లే, షావుకారో గార్డో. ఒంటిమీద బట్ట సరిగా లేని మనుషుల మధ్య తనకి ప్యాంటూ చొక్కా ఎందుకని ప్రకాశ్ ఆమ్టే బనీను, నిక్కరుకి మారారు, ఇప్పటికీ అదే వేషం.

ఆస్పత్రి వరండాలో మేం వెళ్లేసరికి జనం ఉన్నారు. ఓపీ చీటీల హడావుడి లేదు, ఎవరూ ఎవర్నీ కసరడం లేదు. ఒక ముసలామె నేలమీద కాళ్లు చాపుకుని కూర్చుంటే నర్సు కూడా ఆవిడ పక్కనే గొంతుక్కూర్చుని మాడియాలో మాట్లాడుతోంది. బయట చెట్ల కింద బంధువులు పొయ్యి పెట్టి వండుకుంటున్నారు. బావ ముందు చూసింది ఇదే. "మన దగ్గరైతే సెక్యూరిటీ వచ్చి పొయ్యి తన్నేటోడు" అన్నాడు. ఇక్కడ వైద్యానికి డబ్బు తీసుకోరు. మలేరియా తలకెక్కినవాళ్లు, ఎలుగుబంటి చీల్చినవాళ్లు, పాముకాటు, కాన్పు అడ్డం తిరిగినవాళ్లు, అన్నీ ఇక్కడికే. ఇప్పుడు కొడుకు దిగంత్, కోడలు అనఘ, ఇద్దరూ డాక్టర్లే, వాళ్ల తరం నడుపుతోంది.

బడి 1976లో పెట్టారు, హాస్టల్‌తో సహా. నాకు ఆస్పత్రి కన్నా ఈ బడే పెద్ద వైద్యమనిపించింది. ఇక్కడ చదివిన మాడియా పిల్లల్లోంచి టీచర్లు వచ్చారు, డాక్టర్లూ వచ్చారు. తన భాష మాట్లాడే డాక్టర్ ఉన్న ఊళ్లో రోగానికి దెయ్యం పేరు పెట్టి మంత్రగాడి దగ్గరికి పరిగెత్తే అవసరం దానంతటదే తగ్గుతుంది, మైకు పట్టుకుని మూఢనమ్మకాల మీద ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

జంతువుల గురించి రాయకపోతే చదివేవాళ్లు ఊరుకోరు. వేటలో తల్లి చచ్చిపోయిన పిల్లల్ని తెచ్చి పెంచడం ఒక కోతిపిల్లతో మొదలైంది, తర్వాత చిరుతలు, ఎలుగులు, మొసళ్లు, అదో చిన్న జూ. టూరిస్టులు ఎక్కువగా దానికోసమే వస్తారు, బస్సు దిగి చిరుత ముందు సెల్ఫీ తీసుకుని ఆస్పత్రి వైపు తొంగి కూడా చూడకుండా వెళ్లిపోయిన ఒక గుంపుని చూశాం. ఆమ్టే దంపతులకి 2008లో మెగసెసే అవార్డు వచ్చింది గిరిజనుల సేవకి, ఆ సంగతి ఆ గుంపుకి ఎవరైనా చెబితే బాగుండు.

సాయంత్రం భామ్రాగఢ్ వెళ్లి ఇంద్రావతి, పర్లకోట, పాముల్‌గౌతమి కలిసే చోటు చూశాం. పర్లకోట నది పొంగితే వంతెన మునిగి భామ్రాగఢ్ మొత్తం తెగిపోతుంది, ప్రతి వానాకాలం వార్తే. నీళ్ల వైపు చూస్తూ బావ లెక్కలు మొదలుపెట్టాడు. యాభై ఏళ్లు ఒక కుటుంబం మూడు తరాలు ఇక్కడ బతికితే తప్ప ఇంత పని కాలేదు, అలాంటి కుటుంబాలు దేశంలో ఎన్ని దొరుకుతాయి? "ఇది ప్రోగ్రాం కాదురా, ఇది తపస్సు. తపస్సుని జిల్లా జిల్లాకి శాంక్షన్ చెయ్యలేం" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు, ఎందుకంటే ఆ మాట నిజమే.

బుధవారం: రోజంతా రోడ్డు మీదే

హేమల్కస నుంచి వెనక్కి ఆలాపల్లి, ఆష్టి, చామోర్షి, గడ్చిరోలి. చెప్పుకోదగ్గవి రెండే. దారి పొడవునా ప్రతి క్యాంపు దగ్గరా జవాన్లు కారాపి ఆధార్ చూశారు, మర్యాదగానే. రెండోది, ఆష్టి దగ్గర వైన్‌గంగ. ఇదే కిందకి పోయి వార్ధాతో కలిసి మన ప్రాణహిత అవుతుంది. గడ్చిరోలిలో బావ బీరు కోసం వాకబు చేసి నిరాశపడ్డాడు. ఈ జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం. దాని వెనక ఉన్నది కూడా రేపు వెళ్లబోయే సంస్థా, ఊళ్లలోని ఆడవాళ్లూనే అని చెబితే "అయితే రేపు వాళ్లతోనే తేల్చుకుంట" అన్నాడు.

గురువారం: శోధ్‌గ్రామ్

గడ్చిరోలి నుంచి ధానోరా రోడ్డులో, చాత్‌గావ్ దగ్గర. ముందే మెయిల్ రాసి అనుమతి తీసుకున్నాం. డాక్టర్లు అభయ్ బంగ్, రాణి బంగ్ అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్‌లో ప్రజారోగ్యం చదివి వచ్చి, 1986లో ఇక్కడ పని మొదలుపెట్టారు. సంస్థ పేరు సెర్చ్, అది ఉన్న చోటే శోధ్‌గ్రామ్. వెతకడం అనే పేరుకి తగ్గట్టు వీళ్లు ఆస్పత్రి కట్టడం కన్నా ముందు వెతికారు.

మొదట్లో వీళ్లకీ ఒక దెబ్బ తగిలింది. ఈ జిల్లాలో సికిల్ సెల్ జబ్బు (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) ఉందని రక్తపరీక్షలతో కనిపెట్టి, అది పెద్ద విషయమని సంబరపడితే, ప్రభుత్వం పరిశోధన సంస్థని తీసుకెళ్లి ఎక్కడో పుణేలో పెట్టింది, ఇక్కడి జనమేమో అది మేం అడిగిన సమస్య కాదు అన్నారట. అప్పటి నుంచి జనాన్ని అడిగి మొదలుపెట్టడం నేర్చుకున్నారు. ఈ సంగతి డాక్టర్ అభయ్ బంగ్ ఎన్నో సభల్లో చెప్పుకున్నదే.

అడిగితే ఏం చెప్పారు? ఆస్పత్రి అంటే భయం అన్నారు. తెల్లబట్టల వాళ్లు తిరుగుతుంటారు, మాకు తెల్లబట్ట శవం మీద కప్పేది. రోగిని లోపల పెట్టుకుని మమ్మల్ని బయటకి తోసేస్తారు. మీ ఆస్పత్రిలో దేవుడు కూడా ఉండడు. సరే, అయితే మీ ఆస్పత్రి ఎలా ఉండాలో మీరే చెప్పండి అన్నారు. అందుకే ఇక్కడి ఆస్పత్రి గుడిసెల ఊరులా ఉంటుంది, 'మా దంతేశ్వరి' (దంతేశ్వరి అమ్మ) అని అమ్మవారి పేరు పెట్టారు, రోగితో పాటు ఇంటివాళ్లు ఉండొచ్చు. వార్డులు చూస్తూ బావ చాలాసేపు మౌనంగా నడిచాడు. "మా పీహెచ్‌సీ కట్టినప్పుడు ఎవన్నన్న అడిగిన్రా? కాంట్రాక్టర్‌ని అడిగిన్రు" అన్నాడు చివరికి.

రాణి బంగ్ రెండు ఊళ్లలో ఆడవాళ్లని పరీక్షించి చేసిన అధ్యయనం 1989లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. నూటికి 92 మందికి ఏదో ఒక గర్భకోశ వ్యాధి ఉంది, అంతకుముందు డాక్టర్‌కి చూపించుకున్నవాళ్లు 8 మందే. అప్పటిదాకా పల్లెటూరి ఆడదంటే ప్రభుత్వానికి కాన్పూ, కుటుంబ నియంత్రణ ఆపరేషనూ, అంతే. తెల్లబట్ట అవుతుందని, నడుము లాగుతోందని ఆమె ఎవరికి చెప్పుకోవాలో ఎవరూ ఆలోచించలేదు. ఇది రాస్తుంటే మా అమ్మమ్మ, మేనత్తలు గుర్తొస్తున్నారు, ఎవరూ ఎప్పుడూ నోరు తెరిచి చెప్పలేదు, మగవాళ్లం మేమూ అడగలేదు.

ఇక పసిపిల్లలు. 1988లో ఈ ఊళ్లలో వెయ్యి మంది పుడితే ఏడాది నిండకుండా 121 మంది పోయేవారు. న్యుమోనియా పెద్ద హంతకి. దాన్ని గుర్తుపట్టాలంటే బిడ్డ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టాలి. మంత్రసానికేమో పన్నెండు దాటి లెక్క రాదు. చదువు రాని మనిషి వైద్యానికి పనికిరాదని తీర్మానించి ఆపేయొచ్చు, చాలామంది అదే చేస్తారు. వీళ్లు ఒక చెక్క తయారు చేశారు. దాని మీద నిమిషం కొలిచే ఇసుక గడియారం, పక్కన పూసల వరసలు. పది ఊపిర్లకి ఒక పూస జరపాలి. రెండు నెలల్లోపు బిడ్డకి ఐదు తెల్లపూసలు, ఆ తర్వాత ఒక ఎర్రపూస. అంతకన్నా పెద్ద బిడ్డకి నాలుగు తెల్లపూసలు, ఒక ఎర్రది. ఇసుక అయిపోకముందే ఎర్రపూస కదిలిందా, అది న్యుమోనియా, మందు మొదలుపెట్టు. అంతే.

బావ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, నా ఛాతీ చూస్తూ పూసలు జరిపాడు. రిటైర్ అయిన మనిషి ముఖంలో అంత ఉత్సాహం నేను ఈ మధ్య చూడలేదు. "సర్వీస్ మొత్తం వాచీ చూస్కుంట లెక్క తప్పుకుంట చేసినం. ఇది యాభై రూపాయలది కూడా కాదు" అని ఒకటే గొణుగుడు.

ఆ తర్వాతది ఇంకా పెద్ద సాహసం. ఒక్కో ఊరి నుంచి కొద్దిగా చదువుకున్న ఆడవాళ్లని తీసుకుని ఆరోగ్యదూతలుగా తయారు చేశారు. కాన్పు సమయానికి వెళ్లడం, ఊపిరి అందని బిడ్డకి గాలి అందించడం, తక్కువ బరువు బిడ్డని వెచ్చగా ఉంచడం, ఒంట్లో చీము విషం పాకిన లక్షణాలు కనబడితే జెంటామైసిన్ ఇంజెక్షన్ ఇవ్వడం. డాక్టర్లు ఊరుకుంటారా? పల్లెటూరి మనిషి చేతికి సూదా అని గొడవ. 39 ఊళ్లలో చేసి, చేయని ఊళ్లతో పోల్చి చూపించారు. మూడో ఏడాదికి పురిటిబిడ్డల చావులు దాదాపు 62 శాతం తగ్గాయి. 1999 లాన్సెట్‌లో ఆ ఫలితాలు వచ్చాయి. తర్వాతి కొన్నేళ్లకి ఆ 121 కాస్తా 30 దగ్గరికి దిగింది.

2011లో కేంద్ర ప్రభుత్వం దీన్ని దేశమంతా ఆశాల చేత మొదలుపెట్టించింది. ఆస్పత్రిలో పుట్టిన బిడ్డకి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరుసార్లు, ఇంట్లో పుడితే మొదటిరోజు కలిపి ఏడుసార్లు. అన్నీ పూర్తి చేస్తే 250 రూపాయలు. మొన్న తపస్సుని శాంక్షన్ చెయ్యలేం అన్న బావకి ఇక్కడ జవాబు దొరికింది, సగం. హేమల్కసని కాపీ కొట్టలేం, శోధ్‌గ్రామ్‌ని కొట్టొచ్చు, ఎందుకంటే ఇక్కడ కొలిచారు, రాశారు, మనిషి మారినా నడిచేలా పద్ధతిగా తయారు చేశారు. నా లెక్కలో స్వచ్ఛంద సంస్థ నుంచి మనం ఆశించాల్సింది ఇదే. దేశమంతా సేవ చేయడం వాళ్ల వల్ల కాదు, అది ప్రభుత్వం పని, పన్నులు కట్టేది అందుకే. ప్రభుత్వం భయపడి చేయని ప్రయోగం వాళ్లు చేసి, సాధ్యమని నిరూపించి ముందు పెట్టాలి.

మరి మిగతా సగం? కాపీ కొట్టేటప్పుడు కొంత రాలిపోయింది. ఆరోగ్యదూత చేతిలో ఉన్న ఇంజెక్షన్ ఆశా చేతికి రాలేదు. ఆమె చూసి, గుర్తుపట్టి, పైకి పంపాలి. పైన ఏఎన్‌ఎం ఉండాలి, వాహనం ఉండాలి, వంతెన మునిగి ఉండకూడదు. పైగా ఇక్కడి ఆరోగ్యదూతకి చూసుకోవడానికి ఒక ఊరు, వెనక నిత్యం వచ్చి సరిచూసే సూపర్‌వైజర్. మన ఆశాకి ఆరు పనుల మీద ఆరు సర్వేలు, యాప్‌లు, ఎలక్షన్ డ్యూటీ, కనీస జీతం కోసం ధర్నాలు. బావ ఆ మాట దగ్గర మాత్రం నాతో గొడవపడలేదు, ఆయన సర్వీసులో చూసిందే కదా.

ఒక సంగతి మరిచిపోయేలోపు రాస్తాను. ఇలాంటి చోటికి వెళ్లొచ్చినవాళ్లంతా ఇద్దరు డాక్టర్ల గురించే రాస్తారు, వాళ్లకి 2018లో పద్మశ్రీ కూడా వచ్చింది, రావాల్సిందే. కానీ అర్ధరాత్రి లాంతరు పట్టుకుని ఇంకో గుడిసెకి నడిచి వెళ్లి, నీలంగా మారిన బిడ్డ ముఖం మీద మాస్కు పెట్టి గాలి కొట్టిన ఆరోగ్యదూతల పేర్లు మనలో ఎవరికీ తెలియవు.

మద్యనిషేధం గురించి బావ నిజంగానే అడిగాడు. నిషేధం ఉన్నా దొంగచాటుగా అమ్మకం ఉందని వాళ్లు దాచలేదు, అందుకే 2016 నుంచి ముక్తిపథ్ అని ఊరూరా ఆడవాళ్ల సంఘాలతో మందు, పొగాకు రెండింటి మీదా పని చేస్తున్నారట. బావ తల ఊపాడు, గుట్కా ప్యాకెట్ జేబులో ఇంకొంచెం లోపలికి నెట్టాడు.

శుక్రవారం: వరోరా, ఆనందవన్

గడ్చిరోలి నుంచి మూల్, చంద్రపూర్ మీదుగా వరోరా. చంద్రపూర్ దగ్గర బొగ్గు గనులు, థర్మల్ పొగ చూస్తే రామగుండం వచ్చేశామా అనిపించింది.

ఆనందవన్ వీటన్నిటికీ మూలం, కానీ నేను తక్కువ రాస్తాను, ఎందుకంటే దీని గురించి మనవాళ్లలో చాలామందికి తెలుసు. బాబా ఆమ్టే 1949లో మహారోగి సేవా సమితి పెట్టి, రాళ్లూ పాములూ ఉన్న అడవిలో ఆరుగురు కుష్టు రోగులతో, 14 రూపాయలతో దీన్ని మొదలుపెట్టారు. 1951లో వినోబా భావే ప్రారంభించారు. దానం మనిషిని చెరుపుతుంది, పని నిలబెడుతుంది అన్నది బాబా మాట. చూస్తే అది గోడ మీద రాసుకునే మాటలా లేదు. వేళ్లు లేని చేతులు మగ్గం నడుపుతున్నాయి. షాపులో దుప్పట్లు, కార్డులు, కుర్చీలు అన్నీ ఇక్కడ చేసినవే, ధర కూడా జాలిపడి ఇచ్చే ధర కాదు, మార్కెట్ ధరే. 1964లో వీళ్లే కాలేజీ పెట్టారు. ఊళ్లోకి రానివ్వని మనుషులు పెట్టిన కాలేజీలో ఊళ్లోవాళ్ల పిల్లలు వచ్చి చదువుకున్నారు.

కుష్టుకి బహుళ ఔషధ చికిత్స వచ్చి దశాబ్దాలైంది, ఆర్నెల్లో ఏడాదో మందు వాడితే తగ్గుతుంది, ఉచితం. అయినా మచ్చ కనబడితే దాచిపెట్టి వేళ్లు పోయాక వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారని బావ తన అనుభవం చెప్పాడు. మాత్ర స్ట్రిప్పులో దొరుకుతుంది, పక్కన కూర్చోబెట్టుకునే ఇల్లు స్ట్రిప్పులో దొరకదు, ఆనందవన్ ఇచ్చింది ఆ రెండోది. బాబా, సాధనా తాయి సమాధుల దగ్గర కాసేపు నిలబడి, బావ రెండు దుప్పట్లు కొన్నాడు, ఒకటి మా అక్కకి, ఒకటి మా అమ్మకి. బేరం ఆడబోయి ఆగిపోయాడు.

వెళ్లాలనుకునేవాళ్లకి నాలుగు ముక్కలు. కారు లేకపోతే కాజీపేట వైపు నుంచి బల్లార్షా దాటాక వరోరా స్టేషన్‌లో ఆగే రైళ్లున్నాయి, అన్నీ ఆగవు, చూసుకుని ఎక్కండి, లేకపోతే చంద్రపూర్‌లో దిగి బస్సు. హేమల్కసకి ఆలాపల్లి నుంచి బస్సులు తక్కువ, పొద్దున్నే పట్టుకోవాలి, జూలై నుంచి సెప్టెంబర్ దాకా ఆ వైపు వద్దు. శోధ్‌గ్రామ్‌కి చెప్పకుండా వెళ్తే లోపలికి రానివ్వకపోవచ్చు, అది పనిచేసే చోటు, ముందే రాయండి. వార్డుల్లో రోగుల ఫొటోలు ఎక్కడా తియ్యకండి, అడిగి కూడా తియ్యకండి. మరాఠీ రాకపోయినా ఫరవాలేదు, హిందీ నడుస్తుంది, సిరొంచ దాకా తెలుగే చాలు. పిల్లల్ని తీసుకెళ్తే పూసల చెక్క చూపించమని అడగండి.